నేను సరిదిద్దిన ముఖం

బొమ్మలు వేసి బతకాలనుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. చర్మం రంగు ఎట్లా కలపాలి, రేకు మీద పెయింటు పెచ్చులూడకుండా ఏం చెయ్యాలి, చిన్న ఫొటోను గోడంత బొమ్మగా ఎట్లా పెంచాలి, ఇవీ వాళ్లడిగేవి. తెలిసినంత చెబుతాను. అవన్నీ చెయ్యి తిరిగేకొద్దీ వాటంతటవే వస్తాయి. నలభై ఏళ్లు కుంచె పట్టుకున్నా రానిది ఒకటుంది, దాన్ని గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పి తీరాలని కూర్చున్నాను.

నాకు శాలువాలు ఎవరు కప్పారు, నేను వేసిన పటాలు ఏ ఆఫీసుల్లో వేలాడుతున్నాయి అనే సంగతులు ఇందులో వెతక్కండి. శాలువాలు చిమ్మటలు కొట్టేశాయి. ఆఫీసుల్లో పటాల మీద బల్లులు కాపురం చేస్తున్నాయి. పని గురించి చెబుతాను.

మా మేస్త్రీ

నాకు పని నేర్పింది కన్నయ్య మేస్త్రీ. వేలూరు పక్క నుంచి వచ్చి చిత్తూరు బెల్లం మండీ దగ్గర బోర్డుల దుకాణం పెట్టుకున్న మనిషి. దుకాణాలకు పేర్లు రాయడం, నాటకాల తెరలు, ఇళ్లల్లో పెట్టుకునే పటాలు, అన్నీ చేసేవాళ్లం. చెయ్యి బంగారం, నోరు మాత్రం మురుగు కాలవ. నన్ను తిట్టని రోజు ఆయనకు అన్నం సయించేది కాదనుకుంటాను.

పటం రాయించుకోవడానికి మనిషి గడప తొక్కగానే మేస్త్రీ అడిగే మొదటి మాట, "ఉండారా, పోయినారా?" అని. పోయినవాళ్లయితే పైన, పక్కల దండకు జాగా వదిలి ముఖం కాస్త చిన్నది చెయ్యాలి. లేకపోతే దండ వేసిననాడు గడ్డం కనబడదు. ఉన్నవాళ్లయితే ఆ జాగా వదలకూడదు. వదిలితే ఇంటికి తీసుకుపోయినాక ముసలివాళ్లు ఇట్టే కనిపెట్టి, దుకాణం ముందుకొచ్చి దుమ్మెత్తి పోస్తారు.

ఇక రెండో పాఠం. నేను ఒక శెట్టిగారి ముఖం ఉన్నదున్నట్టు వేశానని మేస్త్రీ నా నెత్తిన ఒక్కటి పెట్టినాడు.

"ఉండే మొగం ఏస్తే ఎవుడ్రా దుడ్డిచ్చేది? ఆయప్ప అద్దం ముందర నిలబడి తనేదో అనుకుంటాడే, ఆ మొగం ఎయ్యి!"

నలుపు తగ్గించడం, పీక్కుపోయిన బుగ్గలు నింపడం, చప్పిడి ముక్కు లేపడం, వీటిని మేం 'సరిదిద్దడం' అనేవాళ్లం. నాకు ఆ విద్య త్వరగానే పట్టుబడింది. మేస్త్రీని నేను తప్పు పట్టను. ఆయన నేర్పిన చెయ్యితోనే నా పిల్లలకు అన్నం పెట్టాను.

గుండుకు జుట్టు

మధ్యలో కొన్నేళ్లు తిరుపతిలో ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేశాను. కొండ దిగి వచ్చినవాళ్లు ఏడుకొండల తెర ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. ఇంటిల్లిపాదీ గుండ్లే. కొందరికి ఆ గుండుతోనే ఫొటో కావాలి. కొందరు మాత్రం ఊరికి పోయేలోపల జుట్టు పెట్టించి ఇమ్మంటారు. ఫొటో మీద సన్న కుంచెతో ఒక్కొక్క వెంట్రుకా దిద్దాలి.

గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారి ఒకాయన కుటుంబంతో వచ్చి, అందరికీ జుట్టు పెట్టమన్నాడు. పెట్టాను. ఆయన తల్లికి పాపిడి తీసి, నున్నగా దువ్వి, ముడి కూడా కనబడేట్టు వేశాను. చాలా కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను. ఫొటో చేతికిస్తే ముసలామె మండిపడింది.

"సామికి ఇచ్చేసి వచ్చిన జుట్టు తిరిగి నా నెత్తిన పెట్టడానికి నువ్వెవరయ్యా?"

కొడుకు ఎంత సర్దిచెప్పినా వినలేదు. చివరకు ఆమె జుట్టు మాత్రం చెరిపేశాను. ఆ ఫొటోలో అందరికీ నిండుగా జుట్టు, మధ్యలో ఆమె ఒక్కతే గుండుతో దర్జాగా కూర్చుని ఉంటుంది. చాలా రోజులు దీన్ని తమాషా కథగా చెప్పుకుని నవ్వేవాణ్ణి. పని ఇచ్చినవాణ్ణి కాదు, ముఖం ఎవరిదో వాళ్లనే అడగాలని అప్పుడే బుద్ధి తెచ్చుకుని ఉండాల్సింది. తెచ్చుకోలేదు.

యుద్ధం బోర్డు

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి. రెండో యుద్ధం రోజుల్లో నాకు ఇరవై దాటాయి. పెయింటు దొరకదు, పని దొరకదు. అట్లాంటి రోజుల్లో మేస్త్రీ ఎవరెవరినో పట్టుకుని, పటాలంలో చేరమని చెప్పే బోర్డుల పని సంపాదించాడు. మంచి జీతం, మంచి బట్ట, మంచి తిండి అని రాయాలి. పక్కన నిలువెత్తు సిపాయి బొమ్మ వెయ్యాలి.

"సిపాయి మన పక్క మనిషి మాదిరి ఉండాల. దొర మాదిరి ఉంటే ఎవురూ నమ్మరు. అట్లని మన పక్క మనిషి మాదిరే ఉంటే ఎవురూ చేరరు. అర్థమయిందా?" అన్నాడు మేస్త్రీ.

అర్థమయింది. అప్పట్లో ఐరాల పక్క పల్లె నుంచి చెంగల్రాయుడని ఒక రైతు బిడ్డ మండీకి బెల్లం బండి తోలుకొచ్చేవాడు. వేలం అయ్యేదాకా మా దుకాణం అరుగు మీద కూర్చుని పని చూసేవాడు. విశాలమైన భుజాలు, నిదానమైన చూపు. కూర్చోమంటే సంబరంగా కూర్చున్నాడు. తెలిసిన పోస్టుమాన్ దగ్గర కాకీ కోటు అడిగి తెచ్చి తొడిగాం. నేను వేస్తుంటే మేస్త్రీ నా వెనక నిలబడి ఒక్కొక్కటీ చెప్పాడు.

"ఆ నలుపేందిరా, సగం తియ్. ముక్కు పక్కకి పోయింది, నిలబెట్టు. అమ్మవారి మచ్చలు సిపాయికెందుకు, పూడ్చెయ్. కనుబొమ్మ తెగి ఉండాది, కలుపు. చెవులు లోపలికి నెట్టు. ఆ పన్ను ముందుకొచ్చిందే, నోరు మూసెయ్."

"ఇంగ నా మొగంలో మిగిలిందేందప్పా?" అని చెంగల్రాయుడు పగలబడి నవ్వినాడు. నేనూ నవ్వాను.

ఆ ఒక్క బొమ్మకు గళ్లు గీసి, దాన్ని చూసి రేకుల మీద ఎన్నో బోర్డులు వేశాను. కొంతకాలానికి గళ్లు కూడా అక్కర్లేదు, కళ్లు మూసుకున్నా చెయ్యే వేసేది. మండీ ముందర ఒకటి, ఐరాల సంతలో ఒకటి, బస్సులు ఆగే చోట్లన్నిటా ఒక్కొక్కటి నిలబెట్టారు. మండీలో అందరూ చెంగల్రాయుణ్ణి "ఏం సిపాయీ" అని పిలవడం మొదలుపెట్టారు. చూస్తుండగానే బోర్డులో మాదిరి మీసం పైకి తిప్పడం నేర్చాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి చెప్పాడు:

"అబ్బా, నీ బొమ్మలో ఉండేటోడు నాకంటే బాగుండాడు. పటాలంలో పేరు రాయించినా. ఆ మాదిరి అయి వస్తా చూడు."

నేను వీపు తట్టి పంపించాను. నా బొమ్మకు అంత బలం ఉందని గర్వపడ్డాను కూడా. బర్మా వైపు పోయాడని విన్నాం. కొన్నాళ్లకు, కనిపించడం లేదని ఇంటికి కబురొచ్చింది. అంతే. పోయినాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు.

కరువుకు తాళలేక, తిండి కోసం చేరినవాళ్లు చాలామంది. వాళ్లను నా బోర్డు తీసుకుపోలేదు, ఆకలి తీసుకుపోయింది. కానీ చెంగల్రాయుడికి ఇంట్లో తిండి ఉంది, చెరకు తోట ఉంది. అతడు నా ముఖానే చెప్పి పోయాడు. అయినా, బొమ్మ వెయ్యడమే నా పని, పోవడం అతడి ఇష్టం అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. స్వరాజ్యం వచ్చింది, నాయకుల పటాలు వేశాను. ఎన్నికలొచ్చాయి, గోడలు నింపాను. పనిలో పడితే ఏదైనా మరుగున పడుతుంది.

మా వసంత

నా కూతురు వసంత తిరుపతిలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. మద్రాసులో చదివి వచ్చింది. నా బొమ్మలు చూసి 'నున్నగా ఉన్నాయి నాయనా' అంటుంది. అది మెచ్చుకోలు కాదని తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. డెబ్భైల చివర్లో ఆమె స్నేహితులు, గడ్డాలు పెంచుకున్న కుర్ర ఆర్టిస్టులు, పాతవాళ్లతో ఒక సాయంకాలం మాటామంతీ పెట్టుకున్నారు. యుద్ధం రోజుల్లో ఏం చేసేవాళ్లని ఒకడు అడిగితే ఉన్నమాట చెప్పాను. ఆ కుర్రాడు ముఖం చిట్లించి, "అంటే తెల్లోడికి మనుషుల్ని పట్టిచ్చినారన్నమాట" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ తాత ఆ రోజుల్లో ఏం చేశాడో కనుక్కుని రా అని లేచి వచ్చేశాను. చిత్తూరు బస్సు ఎక్కించడానికి వచ్చిన వసంతతో, నా పని నేను చేశాను, అందులో తప్పేముంది అన్నాను.

"నీ పని నువ్వు చేసినావు నాయనా, కాదనను. ఆ పని ఏం చేసిందో ఎప్పుడైనా పోయి చూసినావా?"

బస్సు కదిలింది గనుక జవాబు చెప్పే బాధ తప్పింది. దారి పొడుగునా ఆ పిల్ల మీద కోపంగానే కూర్చున్నాను.

మంగమ్మ

ఆ ఏడాదే వానలు పడ్డాక ఒక ముసలామె దుకాణానికి వచ్చింది. తోడుగా వచ్చినవాడు తన పేరు మునిరత్నం అన్నాడు, బస్సు కండక్టరు, ఆమెకు మరిది కొడుకు. ఆమె నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు.

"సామీ, ఐరాల సంతలో సిపాయి బోర్డు ఏసింది మీరే గదా? నేను చెంగల్రాయుడి పెండ్లాన్ని. మంగమ్మ."

చేతిలో కుంచె డబ్బాలో పెట్టేసి లేచి నిలబడ్డాను. మునిరత్నమే విషయం చెప్పాడు. కొత్త ఇల్లు కట్టుకున్నారు. గోడకు అందరి పటాలూ ఉన్నాయి, పెద్దనాయనది మాత్రం లేదు. జన్మలో ఫొటో తీయించుకోలేదట. "సిపాయి డ్రెస్సులోనే ఎయ్యండి సామీ, గంభీరంగా ఉండాల" అన్నాడు.

అలవాటు కొద్దీ నా నోట వచ్చేసింది, "ఉండారా, పోయినారా?" అని. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"అది తెలిస్తే నేను మీ కాడికి ఎందుకొస్తా సామీ?" అంది మంగమ్మ. "దండకు జాగా వొద్దు. మొగం ఎయ్యండి, చాలు."

నాకున్న పనులన్నీ పక్కన పెట్టి కూర్చున్నాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఎంత కాలమైనా మరిచిపోలేదు చూడు అని నన్ను నేనే మెచ్చుకున్నాను. చూపించిననాడు మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఈయనే సామీ. అచ్చంగా ఈయనే."

రంగు తడి ఇంకా ఆరలేదు, వచ్చే వారం రమ్మని పంపించాను. గుండెల మీద బరువు దిగినట్టయింది. చెల్లుకు చెల్లు అనుకున్నాను.

ఆ శనివారం వసంత వచ్చింది. పటం ముందు చాలాసేపు నిలబడింది.

"నాయనా, ఈయన పుట్టింది ఏ కాలంలో?"

"నా ఈడువాడే."

"పల్లెలో పుట్టి, ఎండలో చెరకు కొట్టి, బండి తోలిన మనిషికి మొగాన ఒక్క గీత లేదే. ఒక్క మచ్చ లేదే. ఈయన నిజంగా ఇట్లుండేవాడా?"

అప్పుడు చూశాను. గోడకు ఆనించి ఉన్నది చెంగల్రాయుడు కాదు, నా బోర్డు. అదే నిలబెట్టిన ముక్కు, అదే కలిపిన కనుబొమ్మ, అదే మూసిన నోరు. అసలు ముఖం కోసం కళ్లు మూసుకుని వెతికితే బోర్డే కనబడింది. అన్నిసార్లు వేసి వేసి, నా చెయ్యే ఆ మనిషిని తుడిచేసింది. నాకంటే ఘోరం మంగమ్మ సంగతి. కట్టుకున్న మనిషి. ఆమె కూడా ఈయనే అంది!

జరిగిందంతా వసంతకు చెప్పాను. పటం మారుస్తాను అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల ఎదురు తిరిగింది.

"ఆమె ఒప్పుకొని ఏడ్చి పోయినాక మార్చడానికి నువ్వెవరు? ఉండేది కూడా పెరికి ఏం చేతిలో పెడతావు? నీ మనసు కుదుటపడాలని ఆమెను కష్టపెడతావా?"

న్యాయమైన మాటే. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అయినా నిశ్చయించుకున్నాను. ఆ అబద్ధం ముఖం చూసే అతడు పటాలానికి పోయాడు. దాన్నే మళ్లీ చట్రం కట్టి అతడి పెండ్లానికి ఇవ్వను. కాకపోతే ఆమె కంటి చాటున మాత్రం ఒక్క గీత కూడా మార్చను. ఒప్పుకుంటే ఆమె ముందే మారుస్తాను. తిట్టి పోతే పడతాను.

వెనక్కి

వారం తిరిగి మంగమ్మ, మునిరత్నం వచ్చారు. వసంత సెలవు పెట్టి మరీ వచ్చింది. నన్ను ఆపడానికో, నాకు తోడుకో అడగలేదు. దాచకుండా చెప్పాను. ఇది మీ ఆయన ముఖం కాదమ్మా, మా మేస్త్రీ చెబితే నేను మార్చిన ముఖం. ఆ బొమ్మ మాదిరి అయి వస్తానని నాతో చెప్పి మరీ మీ ఆయన పటాలానికి పోయినాడు. నేను వీపు తట్టి పంపించినాను.

మునిరత్నం నా మీదికి వచ్చినంత పని చేశాడు. మంగమ్మ చెయ్యెత్తి ఆపింది.

"సంతకు పోయినప్పుడంతా ఆ బోర్డు కాడ నిలబడి చూసుకొని వస్తాంటి సామీ," అంది. "ఆ బోర్డు పీకేసేదాకా. ఇంగ ఇప్పుడు కండ్లు మూస్తే నాకూ ఆ బోర్డే అగుపడతా ఉండాది. ఆయన యాడుండాడో నాకూ తెలీలా."

"నాకూ ముఖం గుర్తు లేదమ్మా. కానీ మా మేస్త్రీ ఏమేం తీసెయ్యమన్నాడో ప్రతి మాటా గుర్తుంది. అవన్నీ తిరిగి పెడతాను. మీరు పక్కనే కూర్చోండి."

"బాగుండేదాన్ని చెడగొడతా ఉండారే!" అన్నాడు మునిరత్నం.

"నువ్వు ఊరుకోరా. పెట్టండి సామీ. నేనూ చూస్తా."

నా జీవితంలో అంత భయపడి ఎప్పుడూ కుంచె పట్టలేదు. మొదట నలుపు తిరిగి పోశాను. ముక్కును పక్కకు వంచాను. చెయ్యి మొండికేసింది, తిన్నగా పోవాలని చూసింది. దాన్ని బలవంతాన వంకర తిప్పాను. కనుబొమ్మ మధ్యలో తెంచాను. చెవులు బయటికి లాగాను. వసంత రంగులు కలిపి ఇస్తూ ఉంది. నోరు కొంచెం తెరిచి ఆ పన్ను పెట్టాను. మంగమ్మ ముందుకు వంగింది. అమ్మవారి మచ్చలు పెట్టడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడ ఉండేవో తెలియదు, తోచినచోట వేస్తూ పోయాను.

"ఆ చెంపకు గాదు సామీ!"

ఉలిక్కిపడి ఆగాను.

"ఆ చెంపకు అంత లేవు. ఈ చెంప నిండా ఉండేటివి. నేను ఈ పక్కనే గదా పండుకొనేదాన్ని, నాకు తెల్దా?" అని, పక్కన మునిరత్నం ఉన్నాడని గుర్తొచ్చి కొంగుతో ముఖం కప్పుకుంది. కొంగు లోపలి నుంచే మళ్లీ చెప్పింది, "చెవి కింద ఒకటి పెద్దది. ఇంకా కిందికి. ఆ... ఆడ."

అక్కడి నుంచి నేను వెయ్యలేదు, ఆమె వేయించింది. కన్ను ఒకటి కాస్త చిన్నదంది. మీసం ఎప్పుడూ కిందికే ఉండేదంది. కోటు వద్దంది, భుజాన తుండు వెయ్యమంది. ఒక్కొక్కటి చెప్పేకొద్దీ ఆమె గొంతు వయసు తగ్గుతూ వచ్చింది. నేను చెప్పినట్టు చేశాను. ఆ శెట్టిగారి ముఖానికి దెబ్బ తిన్నాక, నలభై ఏళ్ల పనిలో ఒక ముఖాన్ని ఉన్నదున్నట్టు వెయ్యడం నాకు మళ్లీ అదే మొదలు.

వెలుగు తగ్గే వేళకు కుంచె కింద పెట్టాను. మునిరత్నం కూడా తగువు మరిచిపోయి చూస్తున్నాడు. మంగమ్మ లేచి పటానికి ఎదురుగా నిలబడింది. ఈసారి ఏడవలేదు. ఆ వంకర ముక్కును, ఆ పన్నును, ఆ చెంపను మార్చి మార్చి చూసుకుంది. ఆమె ముఖంలో నవ్వు నిదానంగా వచ్చింది, నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సామీ, ఈ మొగానికి ఏం తక్కువని మార్చినారు?"

తిట్టడానికి అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది. మేస్త్రీ పేరు చెప్పొచ్చు. యుద్ధం పేరు, దొరల పేరు చెప్పొచ్చు. వసంత నన్నే చూస్తోంది.

"ఏమీ తక్కువ లేదమ్మా," అన్నాను.

"మరి?" అంది మంగమ్మ.